చిన్న పంచాయతీల్ని కలిపేస్తే నిజంగా ఏం మిగుల్తుంది?

మీరు అడిగింది ఇదీ: మీ మండలంలో ఏడెనిమిది వందల జనాభా ఉన్న పంచాయతీలు అరడజను దాకా ఉన్నాయి, ఒక్కోదానికి ఒక ఆఫీసు, ఒక సెక్రటరీ, ఒక ట్రాక్టరు, సొంత ఆదాయం చూస్తే కరెంటు బిల్లుకే చాలట్లేదు, మరి వీటన్నిటినీ కలిపి ఒక పెద్ద పంచాయతీ చేస్తే డబ్బు మిగిలి పని బాగా జరగదా, సర్పంచులు వద్దనేది పదవుల కోసమేనా అని. మంచి ప్రశ్న అండీ, చాలామంది చదువుకున్నవాళ్ళు ఇదే అడుగుతారు, పైనుంచి చూస్తే అలాగే కనిపిస్తుంది కూడా.

నేను పంచాయతీరాజ్‌లో ముప్పై ఏళ్ళ పైన చేశాను, గ్రామ కార్యదర్శిగా చేరి, ఈఓపీఆర్డీగా (మండలంలో పంచాయతీల పని చూసే అధికారి) చేసి, ఎంపీడీఓగా రిటైరయ్యాను. ఊళ్ళు కలపడం, ఊళ్ళు విడగొట్టడం రెండూ నా చేతుల మీదుగా జరిగినవే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా: పని చేసే యూనిట్ వేరు, మాట చెల్లే యూనిట్ వేరు. రెండిటికీ ఒకటే గీత గీయాలనుకోవడమే అసలు తప్పు. మోటారు మెకానిక్కు, ఇంజనీరు, లెక్కలు, చెత్త షెడ్డు, ఇవి పది ఊళ్ళకి కలిపి ఉంటే తప్పేమీ లేదు, ఇంకా బాగుంటాయి. కానీ ఎవరికి ఇల్లు రావాలి, ఏ బజారులో ముందు సీసీ రోడ్డు పడాలి, మా వీధికి నీళ్ళు ఎందుకు రావట్లేదు, ఇవి అడిగే చోటు ఎంత చిన్నగా, ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. కలపాలన్నవాళ్ళు మొదటిది చూస్తారు, వద్దన్నవాళ్ళు రెండోది చూస్తారు, ఇద్దరూ కరెక్టే, కాకపోతే ఎదుటివాళ్ళు చూసేది చూడరు.

ముందు మీ లెక్కే వేద్దాం. 1994 ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టంలో జనాభాని బట్టి వార్డులు ఎన్నో రాసుంది. 300 దాకా ఉంటే 5, ఆ పైన 500 దాకా 7, 500 నుంచి 1,500 మధ్య 9, 3,000 నుంచి 5,000 మధ్య 13, అలా పోయి 15,000 దాటితే 19 నుంచి 21. ఇప్పుడు ఒక్కోటి 900 జనాభా ఉన్న ఐదు పంచాయతీలు తీసుకోండి. ఐదు తొమ్ములు 45 మంది వార్డు మెంబర్లు, ఐదుగురు సర్పంచులు. ఐదూ కలిపితే 4,500 జనాభా, 13 మంది మెంబర్లు, ఒక్క సర్పంచు. ప్రతినిధులు 50 మంది నుంచి 14 మందికి వచ్చేశారు. సగం సీట్లు ఆడవాళ్ళవి కాబట్టి, ఇరవై మందికి పైగా ఉన్న మహిళా మెంబర్లు ఆరేడుగురు అయిపోతారు. ఎస్సీ, ఎస్టీ, బీసీ సీట్లు కూడా అదే లెక్కన కరిగిపోతాయి.

మరి దీనికి బదులుగా మిగిలిందెంత? వార్డు మెంబరుకి జీతం లేదు. సర్పంచు గౌరవ వేతనం తెలంగాణలో నెలకి 6,500, ఆంధ్రాలో 3,000. నలుగురు సర్పంచులు తగ్గితే తెలంగాణలో ఏడాదికి 3,12,000, ఆంధ్రాలో 1,44,000. అంటే సుమారుగా ఒక సెక్రటరీ ఏడాది జీతమంత కూడా కాకపోవచ్చు. ఖర్చంతా స్టాఫు మీద, బండ్ల మీద, కరెంటు మీద ఉంటే మనం కోత పెట్టేది మాత్రం అసలు ఖర్చే లేని మెంబర్ల మీద. స్టాఫు ఖర్చు తగ్గించాలంటే స్టాఫుని పంచుకోండి, దానికి సర్పంచుల్ని తీసేయాల్సిన పనేముంది?

ఇక రెండో వైపు కూడా చెప్పాలి, ఎందుకంటే చిన్న పంచాయతీ అంటే అంతా బంగారమేం కాదు. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం వచ్చినప్పుడు తండాలు, గూడేలు, శివారు పల్లెల్ని విడదీసి 4,383 కొత్త పంచాయతీలు చేశారు, మొత్తం 12,700 దాటాయి. మా తండాలో మా రాజ్యం అని బంజారా జనం ఎన్నో ఏళ్ళు అడిగి సాధించుకున్నది అది. నాకు బాగా తెలిసిన ఒక తండా సంగతి చెప్తా. విడిపోకముందు తండాకి, పెద్ద ఊరికి మధ్య మూడు కిలోమీటర్లు. ఒక ఎండాకాలం బోరు మోటారు కాలిపోయింది. సర్పంచు పెద్ద ఊళ్ళో ఉంటాడు, ఆయన ఇంటికి నీళ్ళు వస్తూనే ఉన్నాయి. సెక్రటరీకి నాలుగు ఊళ్ళు, వారానికోసారి వస్తాడు. మోటారు పైకి లాగే చైన్‌పుల్లీ వాడు టౌను నుంచి రావాలి, వైండింగ్ చేసే షాపు వాడికి పాత బాకీ ఉంది. పదకొండు రోజులు ఆ తండా ఆడవాళ్ళు పొలాల్లో బావుల నుంచి బిందెలు మోశారు, ఆ పదకొండు రోజుల్లో ఒక్కసారి కూడా పంచాయతీలో ఆ విషయం అజెండాలోకి రాలేదు. తండా నుంచి ఉన్న ఇద్దరు మెంబర్లూ మీటింగుకే రాలేకపోయారు.

విడిపోయాక అదే తండాలో మళ్ళీ మోటారు కాలింది. ఈసారి సర్పంచు ఇంట్లో కూడా నీళ్ళు లేవు, తెల్లారేసరికి పది మంది ఆయన గుమ్మం ముందు నిలబడ్డారు, మర్నాడు సాయంత్రానికి మోటారు బోరులో దిగింది. స్థానిక ప్రాతినిధ్యం అంటే పుస్తకాల్లో ఏం రాసినా నా దృష్టిలో అది ఇదే, నిర్ణయం తీసుకునేవాడి కుళాయి కూడా అదే పైపు మీద ఉండటం.

కానీ అదే తండాకి కష్టం ఇంకో రూపంలో వచ్చింది. తెలంగాణ ప్రభుత్వం పెట్టిన పల్లె ప్రగతి కార్యక్రమంలో ప్రతి పంచాయతీకీ ట్రాక్టరు, ట్రాలీ, ట్యాంకరు, డంపింగ్ యార్డు, నర్సరీ, వైకుంఠధామం (శ్మశానం) అన్నారు. ఆలోచన మంచిదే, పల్లెలు శుభ్రంగా కనిపించాయి కూడా. అయితే నూట యాభై ఇళ్ళున్న తండాలో ట్రాక్టరు రోజుకి గంట కన్నా తిరగదు, బ్యాంకు కిస్తీ మాత్రం నెల నెలా కట్టాల్సిందే, డ్రైవరు, డీజిలు, రిపేర్లు అదనం. ఇంటి పన్ను మొత్తం వసూలైనా కిస్తీకి సరిపోదు. డీసీబీ రిజిస్టరు (పన్ను ఎంత రావాలి, ఎంత వచ్చింది, ఎంత బాకీ అని రాసే పుస్తకం) తీసి చూపించి ఆ సర్పంచు నన్ను అడిగాడు, సార్, మాకు పంచాయతీ కావాలన్నాం గానీ ట్రాక్టరు అడగలేదు, పక్క మూడు ఊళ్ళకి కలిపి ఒకటి ఇస్తే సరిపోయేది కదా అని. ఆయన చదివింది ఏడో తరగతి. నేను ఇన్ని మీటింగుల్లో, ఇన్ని ట్రైనింగుల్లో విన్న మాటలన్నిటికన్నా ఆ మాట సూటిగా ఉంది. పంచాయతీ విడిగా ఉండాలి, ట్రాక్టరు కలిపి ఉండాలి. నేను ఇంత పొడుగ్గా చెప్పేదంతా ఆ సర్పంచు ఒక్క ముక్కలో చెప్పేశాడు.

సైజు గురించి ఈ గొడవ ఇప్పటిది కాదు. 1957లో బల్వంతరాయ్ మెహతా కమిటీ ఊరు, సమితి, జిల్లా అని మూడంచెలు చెప్పింది, మన దగ్గర 1959లో పంచాయతీ సమితులు వచ్చాయి. 1978లో అశోక్ మెహతా కమిటీ ఏమందంటే ఊరు మరీ చిన్నది, పది పదిహేను ఊళ్ళు కలిపి పదిహేను ఇరవై వేల జనాభాకి ఒక మండల పంచాయతీ పెట్టండి, దాని మీద జిల్లా పరిషత్తు, రెండంచెలు చాలు అంది. కర్ణాటక 1983 చట్టంతో అదే దారి పట్టింది, 1987లో మండల పంచాయతీలకి ఎన్నికలు పెట్టారు, అబ్దుల్ నజీర్ సాబ్ గారు మంత్రిగా ఉండి మంచి అధికారాలు, నిధులు ఇప్పించారు. ఆ రోజుల్లో దేశమంతా కర్ణాటక వైపే చూసింది. అయినా 1993లో కొత్త చట్టం వచ్చినప్పుడు మళ్ళీ గ్రామ పంచాయతీకి తిరిగొచ్చారు, ఐదు నుంచి ఏడు వేల జనాభాకి ఒకటి అని సైజు తగ్గించుకున్నారు.

మన దగ్గర ఎన్టీఆర్ గారి టైములో జరిగింది దీనికి రివర్సు. ఆయన ఊళ్ళ జోలికి పోలేదు, పైనున్న సమితుల్ని చిన్నవి చేశారు, మూడొందల చిల్లర సమితులు పోయి పదకొండు వందల దాకా మండలాలు వచ్చాయి, తాలూకా ఆఫీసు కోసం రోజంతా ప్రయాణం చేసేవాళ్ళు పొద్దున వెళ్ళి మధ్యాహ్నానికి ఇంటికొచ్చేశారు. 1987లో మండలాధ్యక్షుడిని జనమే నేరుగా ఎన్నుకున్నారు కూడా. దాని ఫలితం నేను సర్వీసు మొదట్లోనే కళ్ళారా చూశాను, ముసలివాళ్ళు పింఛను కాగితం పట్టుకుని ఒంటరిగా మండలాఫీసుకి రాగలిగేవాళ్ళు. అంటే ఆఫీసు దగ్గరికి రావడానికి ఊళ్ళు కలపక్కర్లేదు, విడగొట్టనూ అక్కర్లేదు, మధ్య అంచెని సరిచేస్తే చాలాసార్లు సరిపోద్ది.

కేరళ సంగతి అందరూ అడుగుతారు, వాళ్ళ పంచాయతీలు అంత పెద్దవి కదా, మరి అవెలా బాగా పనిచేస్తున్నాయి అని. నిజమే, అక్కడ 941 గ్రామ పంచాయతీలే, ఒక్కోదాంట్లో సగటున ఇరవై వేల పైనే జనం. ఒక్కో పంచాయతీ మన చిన్న మండలం అంత ఉంటుంది. సొంత ఆఫీసు, అకౌంటెంటు, ఇంజనీరు, కింద వ్యవసాయం, ఆరోగ్యం, బడులు. 1996లో పీపుల్స్ ప్లాన్ పెట్టినప్పుడు రాష్ట్ర ప్లాను నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకి వదిలేశారు. కానీ మనవాళ్ళు గమనించని విషయం ఒకటుంది, అక్కడ గ్రామసభ పంచాయతీకి ఒకటి కాదు, వార్డుకొకటి. లబ్ధిదారుల జాబితా వార్డు గ్రామసభలో తేలాలి. దాని కింద అయల్‌కూట్టాలని ఇరుగుపొరుగు గ్రూపులు, కుటుంబశ్రీ అనే మహిళా సంఘాలు. అంటే పని చేసే యూనిట్ పెద్దది, మాట్లాడే యూనిట్ చిన్నది. పశ్చిమ బెంగాల్‌లో కూడా గ్రామ సంసద్ అని పోలింగు బూత్ స్థాయిలో సభ ఉంటుంది. మనం కేరళ నుంచి సైజు ఒక్కటే తెచ్చుకుని, వార్డు సభ, నిధులు, స్టాఫు మీద అజమాయిషీ అక్కడే వదిలేసొస్తే మనకి మిగిలేది దూరం ఒక్కటే.

దూరం ఏం చేస్తుందో దగ్గరగా చూపిస్తా. మూడు ఆవాసాలు కలిసిన ఒక పంచాయతీలో గ్రామసభకి నేను అబ్జర్వరుగా వెళ్ళాను. సభ పెద్ద ఊళ్ళో రచ్చబండ దగ్గర, పొద్దున పదకొండింటికి. శివారు పల్లె నుంచి ఆటోలో ఆరుగురు మగవాళ్ళు వచ్చారు, ఒక్క ఆడమనిషి కూడా రాలేదు, కూలి మానుకుని ఎవరొస్తారు? కోరం లేదు. అరగంట చూసి సభ జరిగినట్టే మినిట్స్ రాసేశారు. సాయంత్రం అటెండరు తీర్మానం పుస్తకం సైకిలు మీద పెట్టుకుని శివారు పల్లెకి పోయి ఇంటింటా సంతకాలు, వేలిముద్రలు పెట్టించుకొచ్చాడు. ఒక ముసలామె వేలు ముద్ర వేస్తూ ఇది పింఛనుకా నాయనా అని అడిగిందట. అది ఇళ్ళ లబ్ధిదారుల తీర్మానం, అందులో ఆమె పేరు లేదు. ఆ పుస్తకంలో పేజీ చూస్తే అంతా నిబంధనల ప్రకారమే ఉంది. నేను రిపోర్టులో ఉన్నదున్నట్టు రాశాను, మళ్ళీ సభ పెట్టించాం, ఈసారి శివారు పల్లె బడి దగ్గర, రాత్రి ఏడింటికి. డెబ్భై మంది పైన వచ్చారు, సగం ఆడవాళ్ళే. జాబితాలో నాలుగు పేర్లు అక్కడే మారాయి. ఊరు మారలేదు, సర్పంచు మారలేదు, సభ పెట్టిన చోటు, టైము మారాయి అంతే.

గిరిజనులుండే షెడ్యూల్డ్ ప్రాంతాలకి చట్టమే ఈ సంగతి గుర్తించింది. 1996 పెసా చట్టంలో గ్రామం అంటే రెవెన్యూ గ్రామం కాదు, ఆవాసం లేదా కొన్ని ఆవాసాల గుంపు, తమ ఆచారాల ప్రకారం తమ వ్యవహారాలు చూసుకునే సముదాయం అని రాశారు. ఆ గ్రామసభకే అధికారం. ఏజెన్సీలో అమలు ఎంత బలహీనంగా ఉందో నాకు తెలుసు, కానీ సూత్రం సరైనది, అది మైదాన ప్రాంతానికి ఎందుకు పనికిరాదో నాకు ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

ఊరు చిన్నదైతే ప్రజాస్వామ్యం దానంతటదే వచ్చేయదు అని కూడా ఒప్పుకోవాలి. అంబేడ్కర్ గారు 1948 నవంబరులో రాజ్యాంగ సభలోనే ఊరిని యూనిట్‌గా తీసుకోడానికి ఒప్పుకోలేదు, వ్యక్తినే యూనిట్‌గా తీసుకున్నామన్నారు, ఊరు ఎవరి చేతుల్లో ఉంటుందో ఆయనకి అనుభవంతో తెలుసు. నాలుగొందల ఓట్లున్న ఊళ్ళో రెండు ఇళ్ళవాళ్ళదే పెత్తనమైతే మూడో ఇంటివాడు నోరెత్తలేడు, ఏకగ్రీవం పేరుతో వేలం పాటలు జరిగిన చోట్లు కూడా చూశాం. పెద్ద యూనిట్‌లో ఇక్కడి పాలేరు, అక్కడి కూలీ కలిసే అవకాశం ఉంటుంది. అందుకే చిన్న సభ కావాలి అన్నప్పుడు దానితోపాటు రిజర్వేషను, పైనుంచి ఆడిటు, అన్యాయం జరిగితే అప్పీలుకి మండలం, ఇవన్నీ ఉండాలి.

బయట దేశాల అనుభవం కూడా కొంచెం చూద్దాం, కలిపితే మిగుల్తుందనే వాదనకి నిజమైన పరీక్ష అక్కడే జరిగింది. డెన్మార్క్ 2007లో 271 మున్సిపాలిటీల్ని 98 చేసింది. తర్వాత పరిశోధకులు లెక్కలు తీస్తే ఆఫీసు నిర్వహణ ఖర్చు తగ్గింది గానీ మొత్తం ఖర్చులో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు, కొన్ని సేవల్లో తగ్గింది, కొన్నిట్లో పెరిగింది. స్థానిక రాజకీయం మనకి అర్థమవుద్ది, మన మాట చెల్లుద్ది అనే నమ్మకం మాత్రం కలిపిన చోట్ల తగ్గింది. జపాన్ 1999 తర్వాత 3,200 పైన ఉన్నవాటిని పదేళ్ళలో 1,700 చిల్లరకి తెచ్చింది. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ 2008లో కౌన్సిళ్ళని కలిపి 157 నుంచి 73 చేసింది, జనం ఊరుకోలేదు, ఓటింగు పెట్టి నూసా, డగ్లస్ లాంటి నాలుగు చోట్ల 2014లో మళ్ళీ విడదీశారు, ఆ విడదీసే ఖర్చు కూడా వాళ్ళ మీదే పడింది. ఫ్రాన్స్ ఇంకో దారి పట్టింది, దాదాపు 35,000 కమ్యూన్‌లని అలాగే ఉంచి, ప్రతి ఒక్కటీ ఒక ఉమ్మడి సంఘంలో చేరాల్సిందే అని చట్టం చేసింది, చెత్త, నీళ్ళు, రవాణా ఆ సంఘం చూస్తుంది, మేయరు ఊళ్ళోనే ఉంటాడు. అది కూడా నొప్పిలేని ఏర్పాటు కాదు, రెండంచెల ఉద్యోగుల వల్ల ఖర్చు పెరిగిందనే విమర్శ అక్కడా ఉంది. న్యూజీలాండ్ ఆక్లాండ్‌లో 2010లో ఎనిమిది కౌన్సిళ్ళని ఒకటి చేసినప్పుడు పక్కనే 21 స్థానిక బోర్డులు పెట్టి వాటికీ ఎన్నికలు పెట్టారు.

పట్టణాల్లో మనకి ఇలాంటిది లేదు, అదే నా బాధ. 2007లో జీహెచ్ఎంసీ చేసినప్పుడు పన్నెండు మున్సిపాలిటీలు, ఎనిమిది పంచాయతీలు హైదరాబాదులో కలిశాయి. అంతకుముందు కుత్బుల్లాపూర్ వాళ్ళకి, ఎల్బీనగర్ వాళ్ళకి సొంత ఛైర్మన్, సొంత కౌన్సిల్ ఉండేవి. కలిశాక అప్పట్లో మొత్తం 150 డివిజన్లు, 2011 లెక్కల ప్రకారం సుమారు 67 లక్షల జనం, అంటే ఒక్కో కార్పొరేటరుకి 45 వేల మంది. ఒక మనిషి 45 వేల మంది గడపలు ఎలా తొక్కుతాడు? రాజ్యాంగం 74వ సవరణలోనే 3 లక్షలు దాటిన పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలని రాసుంది, ఆ కమిటీలకి నిజమైన బడ్జెట్టు ఇచ్చి నడిపిన ఊరు మన రెండు రాష్ట్రాల్లో నేను చూడలేదు. నగరం పెద్దదవ్వాలి, తప్పదు, మురుగు కాలువకి, బస్సుకి ఊరి హద్దులు తెలీవు. కాకపోతే పైన పెంచినంత కిందా పెట్టాలి.

విడగొట్టడం వైపు పాఠం ఢిల్లీది. 2012లో అక్కడి మున్సిపల్ కార్పొరేషన్ని (ఎంసీడీ) నార్త్, సౌత్, ఈస్ట్ అని మూడు చేశారు, పాలన దగ్గరవుద్దని. పన్నులొచ్చే కాలనీలు ఎక్కువ సౌత్‌కి పోయాయి, నార్త్, ఈస్ట్ వాటికి జీతాలిచ్చే దిక్కు లేక సఫాయి కార్మికులు సమ్మెలు, రోడ్ల మీద చెత్త. 2022లో మళ్ళీ ఒకటి చేశారు, ఆ చేసేటప్పుడు వార్డులు 272 నుంచి 250కి తగ్గించేశారు. గీత గీసేటప్పుడు దాని వెనక డబ్బు ఎటు పోతుందో చూడకపోతే ఇదే జరుగుద్ది.

ఇంకో మాట, సైజు కన్నా పెద్ద దెబ్బ ఎన్నికలు లేకపోవడం. ఆంధ్రాలో పంచాయతీల టర్మ్ 2018 ఆగస్టులో అయిపోతే ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో జరిగాయి, రెండున్నరేళ్ళు ప్రభుత్వం పెట్టిన స్పెషల్ ఆఫీసర్లే. తెలంగాణలో 2024 ఫిబ్రవరిలో అయిపోతే 2025 డిసెంబరు దాకా అదే కథ. ఒక్క స్పెషల్ ఆఫీసరుకి నాలుగైదు ఊళ్ళు, ఆయన సొంత శాఖ పని వేరే. ఎన్నికైన బాడీ లేకపోతే కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంటు కూడా ఆగిపోద్ది, సెక్రటరీలు జేబులో నుంచి బ్లీచింగ్ పౌడరు కొన్న రోజులున్నాయి. విశాఖ నగరానికైతే 2012 నుంచి 2021 దాకా కౌన్సిలే లేదు, మధ్యలో భీమిలి, అనకాపల్లి కలపడం, వార్డుల విభజన, కోర్టు కేసులు. కలిపే ప్రతి ప్రతిపాదన వెనకా ఈ ప్రమాదం ఉంటుంది, కలిపామంటే డీలిమిటేషను (వార్డుల హద్దులు మళ్ళీ గీయడం), డీలిమిటేషనంటే కేసు, కేసంటే ఎన్నికలు వాయిదా. రాజ్యాంగం 243ఈలో ఐదేళ్ళు దాటకూడదని అంత స్పష్టంగా రాసినా ఇది జరుగుతోంది. అందుకే నా మాట, ఎన్నికలకి ఏడాది ముందు నుంచి హద్దులు ముట్టుకోకూడదు.

స్టాఫు ఎవరికి జవాబు చెప్పాలి అనేది కూడా ముఖ్యమే. ఆంధ్రాలో 2019 అక్టోబరు 2 నుంచి గ్రామ సచివాలయాలు వచ్చాయి, సుమారు రెండు వేల జనాభాకి ఒకటి, మొదట్లో పది మంది పైన ఉద్యోగులు. మన ఊళ్ళల్లో అంతమంది చదువుకున్న స్టాఫుని అంతకుముందు ఎవరూ చూడలేదు, సర్టిఫికెట్ల కోసం తిరగడం తగ్గింది. కానీ వెల్ఫేర్ అసిస్టెంటు తన శాఖకి, ఇంజనీరింగ్ అసిస్టెంటు తన శాఖకి, సర్వేయరు తన శాఖకి జవాబు చెప్తారు, పక్క గదిలో కూర్చున్న సర్పంచుకి కాదు. జనం ఓటేసింది సర్పంచుకి, పని చేసేవాళ్ళ ఫైలు వేరే చోట. సామర్థ్యం, ప్రాతినిధ్యం రెండూ ఒకే బిల్డింగులో పెట్టి మధ్యలో గోడ కట్టినట్టయింది. అలాగే 2022లో అక్కడ జిల్లాలు 13 నుంచి 26 చేసినప్పుడు జిల్లా పరిషత్తులు మాత్రం పాత 13నే ఉంచారు, కలెక్టరు దగ్గరయ్యాడు గానీ జెడ్పీటీసీ పాత ఊరికే పోవాలి.

సరే, మీ మండలానికి వద్దాం. నేనైతే ఏం చేస్తానంటే, ఆ అరడజను పంచాయతీల్నీ అలాగే ఉంచి వాటికి ఒక ఉమ్మడి సేవల సంఘం పెడతాను, ఆ సర్పంచులే అందులో సభ్యులు, ఏడాదికొకరు ఛైర్మను. మోటారు మెకానిక్కు ఒకరు, చైన్‌పుల్లీ సెట్టు ఒకటి, రెండు స్పేరు మోటార్లు, రెండు ట్రాక్టర్లు, ఒక అకౌంటెంటు, ఒక ఇంజనీరు, చెత్త వేరుచేసే షెడ్డు ఒకటి. ఏ ఊరు ఎన్ని గంటలు వాడుకుంటే అంత కట్టాలి, లాగ్‌బుక్కు గోడ మీద అంటించాలి. సమగ్ర మంచినీటి పథకాల్లో మనం ఇప్పటికే చేస్తున్నది ఇదే, ఒక ఫిల్టరు బెడ్డు నుంచి ముప్పై నలభై ఊళ్ళకి నీళ్ళు పోతాయి, దానికోసం ఆ ఊళ్ళన్నిటినీ కలిపేయాలని ఎవరూ అనలేదు. అందులో లోపం ఏంటంటే చివరి ఊరికి నీళ్ళు అందకపోతే అడిగే వేదిక లేదు, సంఘంలో ఆ చివరి ఊరి సర్పంచు కూర్చుంటే ఆ లోపం కూడా పోద్ది. వీధి దీపాలు, మురుగు కాలువ తీయడం, ఇళ్ళ జాబితా, సీసీ రోడ్డు ఏ బజారుకి, ఇవి మాత్రం ఊరి పంచాయతీలోనే ఉండాలి, వీటిని కలిపితే చెడిపోతాయి.

ప్రభుత్వం కలపాలనే పట్టుబడితే అప్పుడు మీరు అడగాల్సినవి కొన్నున్నాయి. కలిసే ప్రతి ఊళ్ళోనూ విడిగా గ్రామసభ తీర్మానం ఉండాలి, అదీ ఆ ఊళ్ళోనే, సాయంత్రం పూట. వార్డు గీతలు ఆవాసాన్ని చీల్చకుండా ఉండాలి, వంద ఇళ్ళ పల్లె అయినా దానికంటూ ఒక మెంబరు. ఆవాసానికో కమిటీ, దానికి జనరల్ ఫండ్ నుంచి కొంత వాటా విడిగా, సర్పంచు సంతకం కోసం తిరక్కుండా బల్బులు, పైపుముక్కలు కొనుక్కునేంత. పాత ఊరి ఇంటిపన్ను కనీసం ఐదేళ్ళు ఆ ఊరికే ఖర్చు పెట్టాలి, పాత ఊరి బాకీలు కొత్త ఊరి నెత్తిన వేయకూడదు, ముఖ్యంగా కరెంటు బకాయిలు. గ్రాంటులో నుంచి విద్యుత్ బకాయిలకి సర్దుబాటు చేస్తే సర్పంచులు ఎంత గోల పెట్టారో చూశాంగా.

సర్పంచులు పదవుల కోసమే వద్దంటున్నారా అన్నారు. కొందరు అందుకే, కాదనను. కానీ మొన్న గెలిచిన ఒక సర్పంచమ్మ, ముప్పై ఏళ్ళు కూడా ఉండవు, నాతో అన్నదేంటంటే, కలిపితే నాకు పదవి పోవడం కాదు సార్, మా వాడకట్టులో నాలాంటి దానికి మళ్ళీ నిలబడే ధైర్యం రాదు, నాలుగు వేల ఓట్ల ఎన్నికంటే డబ్బున్నవాళ్ళదే అని. తొమ్మిది వందల మంది ఉన్న ఊళ్ళో ఆమె ఇంటింటికీ నడిచి గెలిచింది, ఖర్చు కరపత్రాలకీ, ఆటోకీ. మీ మండలంలో ఈసారి అలా గెలిచినవాళ్ళు ఎంతమందో ఒకసారి లెక్క తీయండి, తర్వాత ఆ పంచాయతీల డీసీబీలు, ట్రాక్టరు లాగ్‌బుక్కులు పక్కన పెట్టుకుని కూర్చోండి. రెండూ చూశాక ఏ పని కలపాలో మీకే తేలిపోద్ది. ఆ కాగితాలు ఇక్కడ పెడితే నేనూ చూసి చెప్తాను.